చెవికి వినపడని మాట

అంబలి రోజు

రాసిన మాట చెవికి వినపడదు. అందుకే జొన్న బస్తాలకు కట్టిన చీటీలు చింపుకుని, వాటి వెనక రాసుకుంటున్నాను.

ఈ పొద్దున అంబలి బాగా కుదిరింది. గరిటె తిప్పుతున్నప్పుడే నాకు తెలిసిపోయింది. వరుసలో అందరికంటే ముందుండే ముసలామె గట్టవ్వ ఒక గుక్క తాగి మూతి ముడిచింది.

"ఇదేం అంబలే కనకా, బర్లు గూడ ముట్టయి" అంది. అని, చెంబు మళ్లీ చాపింది.

వెనకవాళ్లదీ అదే వరస. ఒకడు పులిసిపోయిందన్నాడు, ఇంకొకడు మాడు వాసనొస్తోందన్నాడు, అందరూ రెండోసారి పోయించుకున్నారు. భూమి కింద ఉన్న మా కిందూరిలో నీ మేలు కోరేవాళ్లు నీతో ఇలాగే మాట్లాడతారు. పైన బతికిన కాలంలో పసిపిల్లాడు ముద్దుగా ఉంటే దిష్టి తగులుతుందని కోతి మొహం అనేవాళ్లం. కిందికి దిగాక ఆ దిష్టికి చెవి మొలిచింది.

గోడ మీద గుండ్రటి జల్లెడ, దాని కింద వేలెడంత దీపం. అదే చెవి. ప్రతి గదిలోనూ ఒకటి ఉంటుంది. ఎవరైనా ఒకరి పనిని మనసారా మెచ్చుకుంటే దీపం మెరుస్తుంది. పైపై మాటలకు మెరవదు. ఒక పనికి ఒక మనిషిని పన్నెండు మంది మెచ్చుకున్నారంటే చెవి నోరు తెరిచి "స్థిరం" అంటుంది. ఇక ఆ పనీ ఆ మనిషీ విడిపోవడమంటూ ఉండదు. ఎవరికి ఏ పని అనే గొడవలు రాకూడదని మా పెద్దలు మంచి మనసుతోనే పెట్టారు దాన్ని. మంచి మనసుతో పెట్టినదాన్ని పీకెయ్యడం ఎంత కష్టమో అప్పుడు వాళ్లకు తోచలేదు.

నేను పైన నీళ్ల ట్యాంకర్ నడిపేదాన్ని. ఎండలు జనాన్ని తరిమినప్పుడు అందరితో పాటు ఈ పాత బొగ్గుబావిలోకి దిగాను. మొదటి వారం వంటకు ఎవరూ ముందుకు రాకపోతే, ట్యాంకర్ క్యాబిన్లో మిగిలిన చింతపండు తెచ్చి పుట్టగొడుగుల పులుసు పెట్టాను. జనం ఆకలి మీదున్నారు, చెవి సంగతి ఇంకా ఎవరికీ సరిగ్గా తెలీదు. ఒక్క పూటలో స్థిరమైపోయాను. పందొమ్మిదేళ్ల నుంచి ఈ పొయ్యి దగ్గరే ఉన్నాను. నాకు వంటంటే ఇష్టం లేదు. ఆ మాట నన్నెవరూ అడగలేదు.

గుగ్గిళ్ల రోజు

మా మట్టానికి, అంటే బావిలో మా అంతస్తుకి, పెద్ద అయిన సదయ్య వంటింటికి వచ్చాడు. ఆయన్ని ఏ పనికీ ఎవరూ మెచ్చుకోలేదు కాబట్టి ఎక్కడికంటే అక్కడికి తిరుగుతుంటాడు. నోరు తెరిస్తే తేనె కారుతుంది. ఆయన మెచ్చుకున్నన్ని సార్లు ఇంకెవరూ మెచ్చుకుని ఉండరు, ఒక్కసారి కూడా దీపం మెరవలేదు.

"కనకమ్మా, నీ చేతి గుగ్గిళ్లు అమృతం" అన్నాడు. దీపం కదల్లేదు. నేనూ కదల్లేదు.

వచ్చిన పని తర్వాత చెప్పాడు. వానలు మొదలవుతున్నాయట. ఈసారి కూడా ఒక జట్టు పైకి పోతుంది, గుడారాలు వేసుకుని అక్కడే ఉండిపోతుంది, చెట్లు పెడుతుంది. నీళ్లు మోయడానికి పాత ట్యాంకర్లు బాగుచేశారట, నడపడం వచ్చినవాళ్లు లేరట.

నా చేతిలో జల్లిగరిటె ఆగిపోయింది.

"యాభై దాటితె పైకి పంపరు. నీకిదే ఆఖరు సారి" అన్నాడు సదయ్య. "వంటకు ఇంకో మనిషి స్థిరమైతె, నీకంటె ఆ మనిషే మేలని నీ నోటితోని, నిజంగ అంటె, చెవి నిన్ను ఇడుస్తది. ఓదెలును తయారుచెయ్యరాదు?"

ఓదెలు అంటే నాకు కొత్తగా పంపిన సాయం మనిషి. ముప్పై దాటి ఉంటాయి, అంతకుముందు పంపుల దగ్గర పనిచేసేవాడు. ఆ మాటన్నప్పుడు అతను పక్కనే ఉల్లిగడ్డ కోస్తున్నాడు. కావాలనే ముక్కలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది కోస్తున్నాడు.

మాడిన రొట్టెల రోజు

ఓదెలుకి వంట రాదని నేను ఒక్కరోజు కూడా నమ్మలేదు. వంట రానివాడు పొరపాటున ఎప్పుడైనా ఒక మంచి రొట్టె చేస్తాడు. ఇతను పొరపాటున కూడా చెయ్యడు. ప్రతి రొట్టే ఒకేచోట, ఒకేలా మాడుతుంది. కిందూరంతా ఇంతే, అందరూ ఆవగింజంత తక్కువగా చేస్తారు. బట్టలు కుట్టేవాడు ఒక కుట్టు వంకర వేస్తాడు, పాట వచ్చినవాడు చివర్లో గొంతు జీరపెడతాడు. పట్టుబడకుండా బతకడం మాకు అలవాటైపోయింది.

"ఒరేయ్, ఎన్నాళ్లు మాడుస్తవురా ఇట్ల?" అన్నాను.

"పైకి పోయే నంబర్ వచ్చేదాంక, అక్కా."

అతని భార్య భాగ్య కిందటి వానల్లో పైకి వెళ్లింది. పిలుపు వచ్చినప్పుడు పోకపోతే మళ్లీ రాదు. అయిదేళ్లు నిండని పిల్లల్ని పంపరు కాబట్టి ఓదెలు కూతురు స్రవంతితో ఇక్కడ ఆగాడు. ఇప్పుడు ఆ పిల్లకు అయిదు నిండాయి. తండ్రికి పిలుపు ఎప్పుడొస్తే అప్పుడు ఇద్దరూ వెళ్లాలి. ఈ లోపల వంటకు స్థిరమైతే పిలుపే రాదు. పిల్ల ఒక్కతే పోలేదు.

మధ్యాహ్నం జొన్నలు తీద్దామని బస్తాల వెనక్కి వెళ్లాను. అక్కడ పైకప్పు బల్బు వెలుతురు పడేచోట, ఆవిరి గొట్టానికి కాస్త ఎడంగా ఒక నూనె డబ్బా ఉంది. డబ్బాలో మట్టి, మట్టిలో మోకాలెత్తు మొక్క. ముట్టుకోకుండానే తెలిసింది అదేంటో. కరివేపాకు, మా మాటలో కల్యామాకు. పందొమ్మిదేళ్లలో కిందూరిలో పుట్టగొడుగులు తప్ప ఏదీ బతకలేదు. చదువుకున్నవాళ్లు పెట్టారు, తెలిసినవాళ్లు పెట్టారు, వారం తిరక్కుండా అన్నీ పండుబారి రాలిపోయాయి.

ఓదెలు నా వెనకే వచ్చి నిలబడ్డాడు. బస్తాలు దించే లిఫ్టులో భాగ్య తడిగుడ్డలో చుట్టి ఒక పిలక పంపిందట, కాస్త పైమట్టి కూడా. పొద్దున ఒక పక్కకు, సాయంత్రం ఒక పక్కకు తిప్పుతాడట. మట్టిలో వేలు పెట్టి చూసి నీళ్లు పోస్తాడట.

"ఏమన్న అంటవా అక్కా?" అని నెమ్మదిగా అడిగాడు.

"ఏం మొక్కరా ఇది, చీపురు పుల్ల లెక్కున్నది" అన్నాను. అతను ఊపిరి వదిలాడు.

చారు రోజు

జ్వరమొచ్చి కొన్నాళ్లు రాయలేదు. వంటింటి వెనక కొట్లో పడుకునే ఉన్నాను. ఇవాళ లేచి కూర్చున్నాను కాబట్టి జరిగింది రాస్తున్నాను.

జ్వరం బాగా ఉన్న రోజు ఓదెలు గిన్నెలో చారు తెచ్చాడు. కళ్లు మూసుకుని ఒక గుక్క తాగాను. మిరియం గొంతులో దిగింది, చింతపండు నాలిక పక్కలకు తగిలింది, ఆ రెండూ ఒకదాన్నొకటి తోసుకోలేదు. నేను అంత బాగా ఎప్పుడూ పెట్టలేదు. ఒప్పుకోవడానికి కడుపు మండింది. కానీ మాట నాలిక చివరిదాకా వచ్చేసింది.

అతను నా మొహం చూసి అరచేయి నా నోటికి అడ్డం పెట్టాడు.

"అక్కా, నీ కాళ్లు మొక్కుత. అనకు."

"మరెందుకురా ఇంత బాగ..." అనబోయి మింగేశాను. "ఎందుకురా ఇట్ల పెట్టినవు?"

"జ్వరమొచ్చిన మనిషికి మాడింది ఎట్ల పెట్టాలె?"

ఈ తెలివి తక్కువ వాడు నేను మంచం మీదున్న మూడు రోజులూ భోజనశాలకు కూడా అలాగే వండాడు. నేను లేనని జనం పస్తులుండకూడదని మొదలుపెట్టి, ఒకసారి చెయ్యి సరిగ్గా పడ్డాక వంకర చెయ్యడం చాతకాలేదట. పిల్లలు మొదట అనేశారు, పంపుల నుంచి అలిసిపోయి వచ్చినవాళ్లు అనేశారు. ఏడుసార్లు దీపం మెరిసిందట. ఇంకో అయిదు గొంతులు పడితే వంటకు అతను స్థిరం.

ఈ సంగతి చెప్పి ఓదెలు నా మంచం పక్కన కింద కూర్చుని ఏడ్చాడు. నేను ఓదార్చలేదు. నా లోపల ట్యాంకర్ ఇంజిన్ స్టార్టయిన చప్పుడు వినపడుతోంది. అది రాయకపోతే ఈ చీటీలు ఎందుకు?

ఉప్పుపిండి రోజు

సదయ్య రోజూ వస్తున్నాడు. ఆయన వెంట రోజూ ఒకరో ఇద్దరో ఉంటారు, ఇంతకుముందు ఓదెలు వంట తిననివాళ్లు. "జర రుచి చూడుండ్రి" అని ముద్దలు పెట్టిస్తున్నాడు. ఓదెలు మళ్లీ మాడుస్తున్నాడు కానీ, మాడినదాంట్లో కూడా చెయ్యి తెలిసిపోతోంది. నిన్న ఒక గొంతు పడింది. ఇవాళ ఇంకొకటి.

"నువ్వు తయారేనా కనకమ్మా?" అని సదయ్య నా చెవిలో అన్నాడు. "పన్నెండోది పడంగనె నీ మాట చెప్పు. మర్నాడు నువ్వు పైనుంటవ్."

తయారే. నేను అబద్ధమాడనక్కర్లేదు కూడా. ఓదెలు నాకంటే మేలు, అది నిజం, చెవి తప్పకుండా మెరుస్తుంది. నాకు పైకి పోవాలని ఉంది. స్టీరింగ్ మీద చేతులు పెట్టాలని ఉంది. అద్దం దించి గాలి మొహాన కొట్టించుకోవాలని ఉంది. నా పక్కన ఎవరూ తినకుండా, ఎవరూ చెంబు చాపకుండా ఒక పూట గడపాలని ఉంది. పందొమ్మిదేళ్లు నన్ను ఈ పొయ్యికి కట్టేసింది కూడా ఎవరో మంచివాళ్ల నిజమైన మాటలే. వాళ్లలో ఎవరూ నా గురించి ఆలోచించలేదు. నేనెందుకు ఆలోచించాలి?

ఇలా అనుకుంటూ బస్తాల వెనక్కి వెళ్తే స్రవంతి అక్కడ డబ్బా పక్కన గొంతుక్కూర్చుని ఉంది. గిన్నెలో నీళ్లు ముంచి, వేళ్లతో మొక్క మీద చల్లుతోంది.

"పెద్దమ్మా, వాన పైకెల్లి పడతదా, పక్కకెల్లి పడతదా?"

ఈ పిల్లకు నీళ్లంటే గోడ గొట్టంలోంచి పక్కకు వచ్చేవి.

"పైకెల్లి, మబ్బుల నుంచి" అన్నాను.

"మరి మీద పడితె దెబ్బ తగలదా?"

గిన్నె అందుకోబోయాను. దాని వేళ్లకు మట్టి అంటుకుని ఉంది. కొంగుతో తుడవబోయి ఆగాను. కిందూరిలో మట్టి అనేది ఆ డబ్బాలో తప్ప ఎక్కడా లేదు. ఉన్నదంతా పైనే ఉంది.

మేం ఎంత తెలివితక్కువ వాళ్లమో అప్పుడు అర్థమైంది. మెప్పు అంటే తాళం అనుకుని పందొమ్మిదేళ్లు దానికి భయపడి నోళ్లు కట్టుకున్నాం. తలుపుకి ఏ వైపు నిలబడి తాళం వేస్తున్నామో ఒక్కరం కూడా చూసుకోలేదు.

అర్థమైనందుకు నాకు సంతోషం కలగలేదు. దీన్ని నేను నాకోసం వాడుకోలేను, ఒక మనిషికి ఒకటే ముద్ర, నాది ఎప్పుడో పడిపోయింది. ఓదెలుకి ఇంకో పనికి ముద్ర పడితే వంటకి పడదు. వంటకి పడకపోతే నేను కదలను. ఈ ఆలోచన నాకు రాకుండా ఉంటే బాగుండేదని ఆ బస్తాల మధ్యే అనుకున్నాను.

ఉలవచారు రోజు

పొద్దుటి నుంచి ఓదెలు నా వంక అనుమానంగా చూస్తూనే ఉన్నాడు. పదో గొంతు, పదకొండో గొంతు పొద్దున గంజికే పడిపోయాయి. ఒక్కటి మిగిలింది. మధ్యాహ్నానికి సదయ్య కొత్తగా ఒక కుటుంబాన్నే తీసుకొస్తానన్నాడు.

చారు దించబోయే ముందు బస్తాల వెనక్కి వెళ్లి ఒక్క రెమ్మ తుంచాను. తాళింపులో వేశాను. ఆకు చిటపటలాడింది.

కుండ కంటే ముందు వాసన భోజనశాలలోకి వెళ్లింది. వరుసలో మాటలు ఆగిపోయాయి. గట్టవ్వ చేతిలో పళ్లెం కింద పెట్టి కొంగుతో కళ్లు అద్దుకుంది. పైన పుట్టినవాళ్లంతా నోటికి అరచేయి అడ్డం పెట్టుకున్నారు, మా మర్యాద అది. కింద పుట్టిన పిల్లలు మాత్రం ముక్కులు ఎగబీలుస్తూ ఏమిటేమిటని అడుగుతున్నారు.

నేను డబ్బా ఎత్తుకొచ్చి వడ్డన బల్ల మీద పెట్టాను. పొయ్యి దగ్గర ఓదెలు మొహంలో నెత్తురు లేదు.

"అక్కా, వద్దు. ఏం చేస్తున్నవ్?"

అతని వంక చూస్తే అనలేనని గోడ మీది చెవి వంక చూశాను.

"ఈ మట్టిల ఈ మొక్కను బతికించింది ఓదెలు" అన్నాను. "ఎండ లేదు, వాన లేదు, గాలి లేదు. బొగ్గుబావిల కల్యామాకు పెంచిండు. మట్టి పనికి ఇసొంటి చేతులు నేను యాడ చూడలే."

దీపం మెరిసింది. పందొమ్మిదేళ్లలో నేను ఒకరిని మెచ్చుకోవడం అదే మొదలు. నా చెవులు వేడెక్కిపోయాయి. సిగ్గేసింది.

నేను ఓదెలుని చెంప మీద కొట్టినట్టు జనం నా వంక చూశారు. "ఏం పాపం చేసిండే కనకా, ఆ పిలగాడు నీకు?" అంది గట్టవ్వ.

"అవ్వా, మట్టి పని అన్న. మనకాడ మట్టి ఎక్కడున్నదే?"

గట్టవ్వ చుట్టూ చూసింది. కింద బండ, పక్కన బండ, నెత్తిమీద బండ. తర్వాత పైకి పోయే లిఫ్టు వైపు చూసింది. నెమ్మదిగా లేచి బల్ల దగ్గరకొచ్చింది. ఒక ఆకు వేళ్లతో నలిపి వాసన చూసుకుంది.

"మా అత్త పెరట్ల ఉండె ఇసొంటి చెట్టు" అంది. "ఆమె ఎంత చేసినా ఇంత పచ్చగ రాలే. నీ చెయ్యి సల్లగుండ, ఓదెలూ."

దీపం మెరిసింది.

ఆ తర్వాత ఎవరు ముందు, ఎవరు వెనక చెప్పలేను. ఇన్నేళ్లు మింగిన మాటలు ఒక్కసారి బయటపడ్డాయి. వాళ్లు మొక్కను మెచ్చుకున్నారు, ఆకు రంగు మెచ్చుకున్నారు, మట్టి తడి మెచ్చుకున్నారు. కొందరు ఏడుస్తూ మెచ్చుకున్నారు. ఓదెలు పొయ్యికి ఆనుకుని, కూతుర్ని కాళ్లకు అదుముకుని నిలబడ్డాడు. ఏం జరుగుతోందో అతనికి అప్పుడే తెలిసింది. దీపం మెరుస్తూనే ఉంది, నేను వేళ్లు మడుస్తూనే ఉన్నాను. పదకొండు దగ్గర గొంతులు ఆగిపోయాయి. అనగలిగినవాళ్లంతా అనేశారు. మిగిలినవాళ్లు పిల్లలు. వాళ్లకు ఆ మొక్కేంటో తెలీదు, పాపం, ఏమని మెచ్చుకుంటారు?

అప్పుడు సదయ్య తాను తెస్తానన్న కుటుంబంతో గుమ్మంలోకి వచ్చాడు. వాసన తగిలి ఆగాడు. బల్ల మీది డబ్బా చూశాడు, దీపం చూశాడు, విషయం పట్టుకున్నాడు.

"ఆగుండ్రి, ఆగుండ్రి" అంటూ మధ్యలోకి వచ్చాడు. "మీకేమన్న మతి ఉన్నదా? రాతిల కల్యామాకు మొలిపించినోడు వీడు. ఇసొంటోడు వెయ్యి మందిల ఒక్కడు దొరకడు. వీన్ని పైకి పంపితె మనకెట్ల?"

సదయ్య జీవితంలో మొదటిసారి మనసులో మాట అన్నాడు.

దీపం మెరిసింది. "మట్టి పని" అంది చెవి. "ఓదెలు. స్థిరం."

పులుసు రోజు

ఇవాళ జట్టు పైకి వెళ్లింది.

నాకు గొప్ప మనసుందని ఎవరూ అనుకోవద్దు. ఆ రోజు నుంచి నేను ఏడవని పూట లేదు. కుండలు దబదబా దించుతున్నాను, గరిటెలు విసురుతున్నాను. పెద్ద కుండ అంచున చేతులు పెట్టుకుని, అది స్టీరింగ్ కాదని తెలిసి కూడా తిప్పుతున్నాను. వచ్చే నెల నాకు యాభై నిండుతాయి. వంట నేర్చుకోవడానికి ఇంకెవరినో పంపుతానని సదయ్య అన్నాడు. పంపినా ఏం లాభం?

లిఫ్టు ఎక్కే ముందు ఓదెలు భోజనశాలకు వచ్చాడు. స్రవంతి నెత్తిన తండ్రి కండువా తలపాగాలా చుట్టి ఉంది, వాన దెబ్బ తగలకుండానట. పుట్టగొడుగుల పులుసు పెట్టాను. అది నన్ను పట్టించిన పులుసు, దాన్ని నేను ఏళ్లుగా కసి కొద్దీ వండుతున్నాను. ఇవాళ మాత్రం చెయ్యగలిగినంత బాగా చేశాను.

ఓదెలు కింద కూర్చుని తిన్నాడు. పళ్లెం ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు. డబ్బా నా దగ్గరే వదిలేస్తున్నానని, పక్కన కొత్త పిలక వచ్చిందని, దాన్ని పొద్దునా సాయంత్రం తిప్పమని చెప్పాడు. కళ్లలోంచి నీళ్లు గడ్డం మీదికి కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"పులుసు సప్పగున్నదక్కా" అన్నాడు. "పుట్టగొడుగులు సరిగ ఉడకలే. ఇన్నేండ్లయినా నీకు వంట రాలే."

అని, పళ్లెం మళ్లీ చాపాడు.

నేను గోడ వైపు చూశాను. దీపం మెరవలేదు. చెవికి ఆ మాట వినపడలేదు. నాకు వినపడింది. ఇంకో గరిటె పోశాను.